తోడు

గోమతి వ్యాసం పన్నెండు పేజీలు.
అందులో గోమతి ఎక్కడా లేదు.

పెరంబూరులో వాన. మెట్ల కింద మోకాలి లోతు నీళ్ళు.
కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది.
ఎమర్జెన్సీ లైటు ముందు కూచుని
ఎర్ర పెన్నుతో లెక్కపెట్టాను:
ముప్ఫై ఒక్క కొటేషన్లు.
ఒక్కో పేరాలో ముగ్గురేసి పెద్దమనుషులు,
సెకండ్ షో వదిలాక షేర్ ఆటోలో కుక్కినట్టు
మోకాళ్ళు మోకాళ్ళకి తగిలించుకుని.
ఎవరు ఎందుకెక్కారో
నడిపే పిల్లకి తెలీదు.

మా డిపార్ట్‌మెంట్‌లో తెలుగు చదివేది నలుగురు.
ముగ్గురికి తెలుగు ఇంట్లో, తమిళం బళ్ళో.
"నేను రాస్తే తప్పులొస్తాయి సార్,
వాళ్ళది రాస్తే రావు కదా"
అంది, గొడుగు చివర నుంచి కారే నీళ్ళ వైపు చూస్తూ.

ఏం చెప్పాను?
ఏటా చెప్పేదే చెప్పాను.
పిలవకుండా ఎవర్నీ వాక్యంలోకి తేకు.
తెచ్చి కూచోబెట్టి నువ్వు వంటింట్లో దాక్కోకు.
ఆయన మాట అయ్యాక గుమ్మం దాకా వెళ్ళి
'అని' అను, తలుపు వెయ్యి,
వెనక్కొచ్చి నీ మాట మొదలుపెట్టు.
కొటేషన్ గుర్తులు నిన్నో మొన్నో వచ్చాయి గోమతీ,
'అని' ఎప్పట్నుంచో ఉంది మనకి.
'అట' కూడా ఉంది, పూచీ పడనివాళ్ళ కోసం.
నీ వ్యాసం నిండా అటలే.

ఇంత బాగా చెప్పానని కాసేపు మురిసిపోయాను.
ఆ రాత్రి అలమారలోంచి నా థీసిస్ తీశాను.
అట్ట మీద బంగారు అక్షరాలు,
లోపల నాలుగు వందల ఫుట్‌నోట్లు.
నాకేమనిపించిందో
ఏ పేజీలోనూ దొరకలేదు.
మళ్ళీ లోపల పెట్టేశాను.
చేతులకి కలరా ఉండల వాసన.

పదిరోజులకి తిరగరాసి తెచ్చింది.
నాలుగు పేజీలు. బస్సులో తడిసి అంచులు ఉబ్బాయి.
బావి మీద రాసిన ఆ కవితలోంచి
ఈసారి ఒక్క మాట తీసుకుంది, ఒక్కటే:
"తోడు".

కవి నీళ్ళు తోడమంటున్నాడు, నిజమే,
నాకు మాత్రం గట్టు మీద
ఇంకెవరో నించున్నట్టుంది, అని రాసింది.
ఒంటరిగా చేదే మనిషికి
ఆ మాటే తోడేమో, అని రాసింది.
తర్వాత, నేను అనుకోనిది:
మా యింట్లో రాత్రి పాలల్లో వేసే చుక్కని కూడా
తోడే అంటాం.
చుక్క చాలు.
గరిటెడు వేస్తే పొద్దుటికి పులుపు.

ఎర్ర పెన్నుకి మూత పెట్టాను.

మూడో పేజీలో మళ్ళీ తీయాల్సొచ్చింది.
"నీళ్ళు అడగవే ఎవురిదని. బిందెలే అడుగుతాయి."
కింద నంబరు లేదు, పేరు లేదు.
అలవాటు కొద్దీ మార్జిన్లో గీకాను:
ఎవరిది? ఏ పుస్తకం? ఎన్నో పేజీ?

మర్నాడు నా అక్షరాల కిందే, నీలి ఇంకుతో:
మా అవ్వది. పుస్తకం లేదు.
పులియంతోపు, కార్పొరేషన్ పంపు,
తెల్లారి నాలుగున్నర,
లైన్లో పదిహేడో బిందె, మూతి విరిగిన పచ్చది.
నేనప్పుడు ఆరో క్లాసు.

ఇంత కచ్చితమైన ఆధారం
నా నాలుగు వందల్లో ఒక్కటీ లేదు.

అయినా 'ఎవురిదని' దగ్గర చెయ్యి ఆగలేదు,
'ఎవరివని' అని దిద్దబోయింది.
కొటేషన్ లోపల వేలు పెట్టకూడదని
క్లాసులో అరిచేది నేనే.
పడిన ఎర్ర చుక్కని
బొటనవేలితో తుడిస్తే ఇంకాస్త పెద్దదైంది.

వాన తెరిపిచ్చింది. కింది వాటా వాళ్ళు
బకెట్లతో మెట్ల నీళ్ళు తోడిపోస్తున్నారు.
మార్కులింకా వెయ్యలేదు.
మార్జిన్లో కొంచెం చోటు మిగిలితే
చిన్న అక్షరాలతో ఇరికించాను:
అవ్వ మాట తర్వాత నువ్వేమీ అనలేదేం,
తలుపు తీసే ఉంది,
అని.